మాటిమాటికీ తెగిపోయే డయలప్ కనెక్షన్: గోడ సాకెట్ నుంచి మోడెమ్ దాకా నా అనుభవం

ఫోన్ లైను మీద మోడెమ్ ద్వారా ఇంటర్నెట్‌కు కలిసే డయలప్ మొండికేస్తే ఎవరైనా ముందు చేసే పని మోడెమ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌ను, అంటే డ్రైవర్‌ను, తీసేసి మళ్లీ వేయడం. విండోస్ ఎక్స్‌పీ ఉన్న ఇంటి కంప్యూటర్‌లో నేనూ అదే చేశాను, ఫలితం లేదు. మోడెమ్ సెకనుకు 46,667 బిట్ల వేగం దగ్గర కలిసేది, ఐదు పది నిమిషాల్లో తెగిపోయేది. మళ్లీ డయల్ చేస్తే ఒక్కోసారి 28,800కే సరిపెట్టుకునేది. మోడెమ్ అదే, డయల్ చేసే నంబరూ అదే. అయినా కలిసిన ప్రతిసారీ వేగం ఇంతగా మారుతోందంటే ముందు అనుమానించాల్సింది లైనునే. తెగే సమయం కూడా ఓ ఆనవాలు. సరిగ్గా ఇన్ని నిమిషాలకే అన్నట్టు తెగుతుంటే ఖాళీగా ఉన్నప్పుడు ఫోన్ పెట్టేసే సెట్టింగ్‌నో, అవతలి సర్వర్ గడువునో చూడాలి. వేళాపాళా లేకుండా తెగితే తీగల వైపు వెళ్లాలి. నాది రెండో రకం.

మొదటి పరీక్షకు చెవి చాలు. మోడెమ్ తీగ పెట్టే సాకెట్‌లోనే మామూలు ఫోన్ పెట్టి, రిసీవర్ ఎత్తి ఒక్క అంకె నొక్కాలి. డయల్ టోన్ ఆగిపోతుంది. మిగతా అంకెల కోసం ఎక్స్‌చేంజి కొన్ని సెకన్లు చూస్తుంది, ఆ నిశ్శబ్దంలో లైను పరిస్థితి తెలిసిపోతుంది. సన్నగా సుయ్‌మంటే ఫరవాలేదు. చిటపటలు వస్తే ఎక్కడో అతుకు వదులైంది, లేదా తుప్పు పట్టింది. ఆగకుండా గుమ్మని మోగుతుంటే ఫోన్ తీగ కరెంటు తీగల పక్క నుంచి పోతుండొచ్చు, లేదా లైనులోని రెండు తీగల్లో ఒకటి నేలకు తగులుతుండొచ్చు. నాకు వినిపించినవి చిటపటలు. సాకెట్ దగ్గర తీగను వేలితో కదిపితే ఇంకా పెరిగాయి.

మాట్లాడుకునేటప్పుడు దీన్ని ఎవరూ పట్టించుకోరు. మధ్యలో చిటుక్కుమన్నా పోయిన అక్షరాన్ని మనసు పూరించుకుంటుంది. మోడెమ్‌కు అలా కుదరదు. పాడైన ముక్కను వి.42 ఎర్రర్ కరెక్షన్ మళ్లీ తెప్పించుకుంటుంది. శబ్దం ఎక్కువైతే రెండు మోడెమ్‌లూ డేటా ఆపేసి లైనును మళ్లీ కొలుచుకుంటాయి. దీన్నే రీట్రెయిన్ అంటారు. పేజీ కొన్ని సెకన్లు బిగుసుకుపోయి మళ్లీ కదిలిందంటే చాలాసార్లు ఇదే కారణం. అది కూడా కుదరకపోతే కాల్ తెగిపోతుంది.

సాకెట్ విప్పేముందు బయటి నుంచి వచ్చే లైనును విడదీయండి. ఫోన్ పెట్టేసి ఉన్నప్పుడు అందులో దాదాపు 48 వోల్టుల డీసీ ఉంటుంది, రింగ్ వస్తే సుమారు 90 వోల్టుల ఏసీ వస్తుంది. చెయ్యి జివ్వుమంటుంది. లోపల పని చేసేవి మధ్యనున్న రెండు పిన్నులే. నా సాకెట్‌లో వాటిలో ఒకదాని మీద పచ్చటి పొర పేరుకుంది, దాని వెనక స్క్రూ కింద తీగ సగమే బిగిసి ఉంది. గీకి వాడుకోవచ్చుగానీ, గీకితే పైపూత కూడా పోయి తుప్పు మళ్లీ త్వరగా పడుతుంది. సాకెట్ మార్చేశాను. తీగ చివర నల్లబడిన భాగాన్ని కత్తిరించి, కొత్తగా ఒలిచి స్క్రూ కింద బిగించాను.

దీంతో తెగడం తగ్గింది, ఆగలేదు. అప్పుడు ఇంట్లోని ఫోన్లు, కాలర్ ఐడీ పెట్టె అన్నీ పీకేసి, స్పైక్ గార్డు గుండా వెళ్లే ఫోన్ తీగను కూడా పక్కన పెట్టి, లైను ఇంట్లోకి వచ్చే మొదటి సాకెట్‌కే రెండు మీటర్ల తీగతో మోడెమ్ కలిపాను. అరగంట నిలబడింది. ఇక ఒక్కొక్కటే తిరిగి పెట్టుకుంటూ, ప్రతిదానికీ ఇరవై నిమిషాలు ఆగి చూడాలి. తొందరపడి రెండేసి పెడితే మళ్లీ మొదటికే వస్తాం. కార్డ్‌లెస్ ఫోన్ బేస్ కలిపిన వెంటనే కనెక్షన్ 45,333 నుంచి 38,667కి దిగింది. దాన్ని పక్కన పెట్టాను. గోడ వెంట మెలిక లేకుండా పోయే పొడవాటి చదును తీగ చుట్టుపక్కల శబ్దాన్ని లాగేస్తుంది. దాని బదులు మెలి తిప్పిన జంట తీగ వేయడం మంచిది.

మిగిలింది మోడెమ్ ఏమంటోందో చూడటం. కనెక్షన్ తెగాక మళ్లీ డయల్ చేయకుండా ఎక్స్‌పీలో మోడెమ్‌కు నేరుగా కమాండ్లు పంపే హైపర్ టెర్మినల్ ప్రోగ్రామ్ తెరిచి ఏటీ&వి1 (AT&V1) కొట్టాలి. కోనెక్సంట్ కంపెనీ చిప్ ఉన్న మోడెమ్‌లు పోయిన కాల్ వివరాలన్నీ చూపిస్తాయి: తెగడానికి కారణం, చివరి వేగం, రీట్రెయిన్ ఎన్నిసార్లు జరిగింది. నా మోడెమ్‌లో రీట్రెయిన్ల లెక్క ఇంకా ఎక్కువే. ఒక కాల్ మాత్రం ఇంకో కాల్ వచ్చిన క్షణంలోనే తెగింది. అది కాల్ వెయిటింగ్ టోన్ పని. క్యారియర్, అంటే అవతలి మోడెమ్ సంకేతం, పోయాక ఎంతసేపు ఓపిక పట్టాలో చెప్పేది మోడెమ్‌లోని ఎస్10 రిజిస్టర్ అనే సెట్టింగ్. విలువ సెకనులో పదో వంతుల్లో ఉంటుంది. చాలా మోడెమ్‌లలో అది 14, అంటే 1.4 సెకన్లు. ఎస్10=50 అని ఐదు సెకన్లకు పెంచాను. కాల్ వెయిటింగ్‌నే ఆపే కోడ్ ఉంటే నంబరు ముందు చేర్చడం ఇంకా నయం.

అసలు తేడా తెచ్చింది వేగానికి కళ్లెం వేయడం. 56కె మోడెమ్ వాడే వి.90 పద్ధతి పని చేయాలంటే సర్వర్ నుంచి ఇంటి దాకా డిజిటల్ నుంచి అనలాగ్‌కు మార్పు ఒక్కసారే జరగాలి, లైనూ శుభ్రంగా ఉండాలి. అంచున ఉన్న లైను మీద మోడెమ్ పైకెక్కాలని చూస్తూ జారుతూనే ఉంటుంది. మోడెమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ కింద అదనపు కమాండ్ల పెట్టెలో +ఎంఎస్=వి34 (+MS=V34, అంటే పాత వి.34 పద్ధతికే పరిమితం కమ్మని) అని ఎస్10 పక్కనే రాశాను. దాంతో గరిష్ఠ వేగం 33,600. చిప్‌ను బట్టి ఈ కమాండ్ మారుతుంది, మీ మోడెమ్ పుస్తకం చూసి రాయండి. వేగం తగ్గించుకోవడం నష్టం అనిపిస్తుంది, లెక్క వేస్తే కాదు. ఐదు మెగాబైట్ల ఫైలుకు 46,667 దగ్గర పదిహేను నిమిషాలు కావాలి, పది నిమిషాలకే తెగే లైనులో అది ఎప్పటికీ దిగదు. 33,600 దగ్గర సుమారు 21 నిమిషాలు పడుతుంది, ఒక్క విడతలో దిగుతుంది. పైగా వి.90లో పైకి పంపే వేగం ఎలాగూ 33,600 దాటదు కాబట్టి అటువైపు పోయేదేమీ లేదు.

కంప్యూటర్‌కూ మోడెమ్‌కూ మధ్య పోర్టు వేగం 115200లోనే ఉంచి, ఆ డేటాను ఎప్పుడు ఆపాలో ఎప్పుడు వదలాలో చూసే ఫ్లో కంట్రోల్‌ను హార్డ్‌వేర్‌కు పెట్టండి.

ఇవన్నీ చేశాక కూడా మొదటి సాకెట్ దగ్గరే చిటపటలు వినిపిస్తే తప్పు బయటి తీగలో ఉంది. ఫోన్ కంపెనీకి ఫిర్యాదు చేసేటప్పుడు ఇంటర్నెట్ మాట ఎత్తకండి. మాట్లాడేటప్పుడు శబ్దం వస్తోందని చెప్పి, లైన్‌మన్ వచ్చాక ఆయన చేతికే రిసీవర్ ఇచ్చి, ఒక్క అంకె నొక్కి వినమనండి.