నల్లపట్టీ కింద ఫోన్ నంబరు

మా అక్కావాళ్లు ఇంటి వెనక ఒక గది, ముందు వైపు ర్యాంపు కట్టుకోవడానికి ప్లానింగ్ అనుమతికి దరఖాస్తు పెట్టారు. అది ఎంతవరకు వచ్చిందో చూద్దామని మొన్న ఆఫీసు వెబ్‌సైట్ తెరిచాను. అక్కడ ఎవరైనా చూసేలా పెట్టిన దరఖాస్తు పీడీఎఫ్‌లో అక్క ఫోన్ నంబరు మీద, సంతకం మీద నల్లపట్టీలు ఉన్నాయి. పర్లేదు, జాగ్రత్తగానే చేశారే అనుకున్నా. ఎందుకో అనుమానం వచ్చి ఆ లైను సెలెక్ట్ చేసి, కాపీ కొట్టి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేశా. నంబరు మొత్తం వచ్చేసింది! పైన వేసింది వట్టి నల్లటి డబ్బా మాత్రమే, కింద అంకెలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

నంబరు సంగతి అలా ఉంచండి, దాని తర్వాత ఉన్న ఉత్తరం చూసి నాకు గుండె ఆగినంత పనైంది. అక్క అత్తగారికి ఏ జబ్బు, ఎన్నాళ్లుగా మంచాన ఉన్నారు, ఏ మందులు వాడుతున్నారు, పగలు ఇంట్లో ఆవిడ ఒక్కరే ఉంటారన్న మాటతో సహా అంతా అందులో ఉంది. ర్యాంపు ఎందుకో అధికారులకు అర్థం కావాలని అక్క మనసు పెట్టి రాసుకున్న ఉత్తరం అది. ఊళ్లో అందరూ చదువుతారని తనకెవరూ చెప్పలేదు.

దరఖాస్తులు బయట పెట్టడం తప్పని నేననను. పక్కింట్లో ఏం కడుతున్నారో, మన కిటికీకి వెలుతురు వస్తుందో రాదో తెలుసుకునే హక్కు అందరికీ ఉండాలి, ప్లాన్లు దాచేస్తే అక్రమాలే పెరుగుతాయి. కానీ గోడ ఎత్తు గురించి వాదించుకోవడానికి ఒకరి జబ్బు పేరు ఎందుకు?

ఇంగ్లండ్‌లో బాసిల్డన్ కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. 2015 జూలైలో ఒక దరఖాస్తుతో వచ్చిన పత్రాన్ని ఉన్నదున్నట్టు ఆన్‌లైన్‌లో పెట్టేశారు. అందులో ఒక కుటుంబంలోని వాళ్ల పేర్లు, వయసులు, వైకల్యాలు, మానసిక ఆరోగ్య సమస్యలు అన్నీ ఉన్నాయి. అనుభవం లేని ఉద్యోగి గమనించలేదు, రెండో మనిషి సరిచూసే పద్ధతే అక్కడ లేదు. సెప్టెంబరులో గానీ దాన్ని తీయలేదు. 2017లో జనం వ్యక్తిగత వివరాల రక్షణ చూసే అక్కడి సమాచార కమిషనర్ ఆఫీసు ఆ కౌన్సిల్‌కి 1,50,000 పౌండ్ల జరిమానా వేసింది. జరిమానా సరే, ఆ ఏడు వారాల్లో ఎవరెవరు చదివారో ఆ కుటుంబానికి ఎప్పటికైనా తెలుస్తుందా?

అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటే, ఆఫీసువాళ్లు దాస్తారులే అనుకుని ఏదీ ఇవ్వకండి. ఫారంలో తప్పనిసరిగా అడిగిన వివరాలు ఫారంలోనే ఉండాలి, వాటినే మళ్లీ ప్లాన్ మీద, కవరింగ్ లెటర్‌లో, ఫైలు పేరులో రాయకండి. ఫైలు పేరులోనే జబ్బు పేరు పెట్టి పంపినవాళ్లనీ చూశాను. ఆరోగ్య వివరాలు నిజంగా అవసరమైతే విడి పత్రంగా ఇచ్చి, దీన్ని బయట పెట్టొద్దని రాతపూర్వకంగా అడగండి, ఒప్పుకున్నాకే పంపండి. ప్లాన్‌లో గదుల కొలతలు ఉంటే చాలు, బీరువా ఎక్కడో, అలారం ఎక్కడో గుర్తులు పెట్టక్కర్లేదు. అభ్యంతరం చెప్పే పొరుగువాళ్లకీ ఇది వర్తిస్తుంది, కోపంలో రాసిన ఉత్తరాల్లో మన ఇంటి గుట్టే ఎక్కువ బయటపడుతుంది.

ఏదైనా చెరపాలంటే అసలు ఫైలులోనే ఆ మాటలు తీసేసి కొత్త పీడీఎఫ్ చేయండి. తర్వాత మీ పేరో నంబరో అందులో వెతికి చూడండి, కాపీ పేస్ట్ చేసి చూడండి. రెండు నిమిషాల పని.

అక్క మెయిల్ పెడితే రెండు రోజులకి ఆఫీసువాళ్లు ఆ ఫైలు తీసేశారు. ఈలోపు ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకుని ఉంటే చేయగలిగింది ఏమీ లేదు, ఆ బాధ తనకి ఇంకా పోలేదు. పాత ఉత్తరం బదులు ఇద్దరం కూర్చుని కొత్తది రాశాం. రెండు పేజీలది ఒక్క వాక్యానికి వచ్చింది: "మా ఇంట్లో మెట్లు ఎక్కలేని వ్యక్తి ఉన్నారు, అందుకే ర్యాంపు కావాలి."