లైను ఇంకా కావాలా?

"డాక్టరు తప్పు చేస్తుంటే ఆపాలి, అది నీ డ్యూటీ" అని ఇంగ్లాండు ఐసీయూలో నర్సుగా చేరిన కొత్తలో చెప్తే నాకు నవ్వొచ్చింది. గుంటూరులో నేను పని నేర్చుకున్నప్పుడు సార్ రౌండ్స్‌కి వస్తున్నారంటే ఫైళ్లు పట్టుకుని గోడవారన నిలబడేవాళ్లం. ఇక్కడ కన్సల్టెంటుని, అంటే అందరికన్నా పెద్ద డాక్టరుని కూడా పేరు పెట్టే పిలుస్తారు. నా నోట్లోంచి మాత్రం ఇప్పటికీ ముందు 'డాక్టర్' అనే వస్తుంది.

ఆపాల్సిన రోజు రానే వచ్చింది. తెల్లవారుజామున మూడింటికి ఒక పేషెంటుకి డాక్టరు మెడ దగ్గర సెంట్రల్ లైన్ వేస్తున్నారు, అంటే మందులెక్కించడానికి పెద్ద రక్తనాళంలోకి దింపే సన్నటి గొట్టం. చెక్‌లిస్ట్ పట్టుకుని పక్కన నిలబడటం నా పని. గౌను, గ్లవ్స్ తొడిగాక ఇక ఏదీ తాకకూడదు, ఎవరూ తగలకూడదు. మా ఎదురింటి మామ్మగారు మడి కట్టుకున్నప్పటి పద్ధతే. ఆ గొట్టానికి దారి చూపించే గైడ్‌వైర్ కొస జారి మంచం రెయిలింగుకి తగిలింది. డాక్టరు చూసుకోలేదు. నా గుండె దడదడలాడింది. "సారీ డాక్టర్, వైరు తగిలింది" అన్నాను, నాకే సరిగా వినపడనంత మెల్లగా. ఆయన ఒక్క క్షణం ఆగి, దాన్ని పక్కన పడేసి, "ఇంకో ప్యాక్ విప్పు, థ్యాంక్స్" అన్నారు. అంతే. నేనేమో తెల్లారేదాకా టెన్షన్ పడ్డాను.

ఈ చెక్‌లిస్ట్ వెనక పీటర్ ప్రొనోవోస్ట్ అనే అమెరికన్ డాక్టరున్నారు. చేతులు కడుక్కోవడం, క్రిముల్ని చంపే క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం తుడవడం, పేషెంటుని నిలువునా స్టెరైల్ గుడ్డతో కప్పడం, వీలైతే తొడ దగ్గర వేయకపోవడం, అక్కర్లేని లైను తీసేయడం. ఇందులో మనకి తెలియనిదేముంది? అయినా మిచిగన్ ఐసీయూల్లో వీటిని పట్టుబట్టి చేయిస్తే, 18 నెలల్లో లైను వల్ల రక్తంలో వచ్చే ఇన్ఫెక్షన్లు 66 శాతం దాకా తగ్గాయని 2006లో తేలింది. తర్వాత ఇంగ్లాండు కూడా 2009లో 'మ్యాచింగ్ మిచిగన్' పేరుతో అదే దారి పట్టింది.

లైను వేసేటప్పుడు అందరూ జాగ్రత్తగానే ఉంటారు. అసలు కష్టమంతా ఆ తర్వాతే. మందు ఎక్కించే ప్రతిసారీ హబ్‌ని, అంటే లైను బయటి మూతిని, ఆల్కహాల్ వైప్‌తో 15 సెకన్లు గట్టిగా రుద్దాలి, ఆరనివ్వాలి. ఒక పక్క పంపు కూస్తుంటే పదిహేను సెకన్లు ఎంతసేపో చేసినవాళ్లకే తెలుసు. నేను లోపల తెలుగులో లెక్కపెట్టుకుంటాను.

ఒక పెద్దాయనకి బీపీ పడిపోకుండా లైనులో ఎక్కించే మందులు ఆపేసి మూడు రోజులైంది. చేతి నరాలు బాగానే ఉన్నాయి. రక్తం తీయడానికి వీలుగా ఉందని లైను అలాగే ఉంచేశాం. 'ఉంచేశారు' అని రాయబోయి ఆగాను, ఆ మూడు రోజుల్లో ఒకరోజు డ్యూటీ నాదే. నాలుగో రోజు లైనుని సెలైన్‌తో ఫ్లష్ చేసిన కాసేపటికే ఆయన దుప్పటితో సహా వణికిపోయారు. పళ్లు టకటకలాడుతున్నాయి, జ్వరం 39 డిగ్రీల సెల్సియస్ దాటింది. లైన్ నుంచి ఒకటి, చేతి నుంచి ఒకటి బ్లడ్ కల్చర్లు (రక్తంలో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష) పంపాం. లైన్ నుంచి తీసిన సీసా చేతి నుంచి తీసినదానికన్నా రెండు గంటలకి పైగా ముందే పాజిటివ్ అయింది, అంటే క్రిమి కాపురం లైనులోనే. అది స్టాఫ్ ఆరియస్ అనే మొండి బాక్టీరియా అని తేలాక ఇక బేరాల్లేవు, లైను పీకేయాల్సిందే. రెండు వారాలు యాంటీబయాటిక్స్, గుండె కవాటాలకి పాకిందేమోనని ఎకో (గుండె స్కాన్). రెండు మూడు రోజుల్లో వార్డుకి వెళ్లాల్సిన మనిషి. కోలుకున్నారు, కానీ చాలా నీరసించిపోయి వెళ్లారు.

అప్పట్నుంచీ రౌండ్స్‌లో "ఈ లైను ఇవాళ కూడా కావాలా?" అని నేనే ముందు అడుగుతున్నాను. మొన్న ఒక కొత్త రిజిస్ట్రార్ (కన్సల్టెంటు కింద పనిచేసే డాక్టరు) "రేపు చూద్దాం" అన్నాడు. "ఎందుకో ఒక్క కారణం చెప్పండి, రాసుకుంటాను" అని పెన్ను తీశాను. తీసేయమన్నాడు.