ఆల్బర్ట్ హాల్ కప్పు కింద

లండన్‌లో సౌత్ కెన్సింగ్టన్ స్టేషన్‌లో దిగి ఉత్తరంగా నడిస్తే ఎర్ర ఇటుకల రాయల్ ఆల్బర్ట్ హాల్ ఎదురవుతుంది. గోడ పైభాగాన భవనం చుట్టూ సాగే మొజాయిక్ పట్టీలో కళలూ శాస్త్రాలూ బొమ్మలుగా ఊరేగుతుంటాయి. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను.

విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ కోరుకున్న భవనమిది. ఆయన 1861లో చనిపోయాడు. 1867లో రాణి శంకుస్థాపన చేసి, ముందు అనుకున్న పేరుకు భర్త పేరు జోడించింది. ఆ రాయి ఇప్పటికీ స్టాల్స్ అనే కింది వరుసల్లో ఒక సీటు కింద ఉంది. నిధుల కోసం 1,300 దాకా సీట్లను ఒక్కొక్కటీ 100 పౌండ్లకు 999 ఏళ్ల లీజు మీద ముందే అమ్మేశారు. కట్టకముందే కొన్నవారి నమ్మకం నన్ను ఆశ్చర్యపరిచింది.

లోపల నా కళ్లన్నీ కప్పు మీదే. ఆ ఇనుప గుమ్మటాన్ని మొదట మాంచెస్టర్‌లో పూర్తిగా బిగించి చూసి, విప్పి లండన్ తెచ్చారు. ఊతకర్రలు తీసేసిన రోజు అది కిందికి జారింది సుమారు 8 మిల్లీమీటర్లే! అంత ఘనమైన కప్పే సంగీతానికి శత్రువైంది. 1871 మార్చి 29న ప్రారంభోత్సవ ప్రసంగమే ప్రతిధ్వనించింది. స్వరకర్త తన రచనను రెండుసార్లు వినగలిగేది ఇక్కడేనని చమత్కరించేవారట. గుమ్మటం కింద గుడ్డ తెర కట్టారు. 1949లో లోపలి అద్దాల స్థానంలో అల్యూమినియం పలకలు బిగించారు. చివరికి 1969లో గొడుగుల్లాంటి ఫైబర్‌గ్లాస్ బిళ్లలు 135 వేలాడదీస్తే గానీ ఆ పీడ వదల్లేదు. తర్వాత లెక్కలు సరిచూసి వాటిని 85కు తగ్గించారు. కింది నుంచి అవి అలంకారంలా కనిపిస్తాయి గానీ, నిజానికి దాదాపు వందేళ్ల పోరాటానికి అవే ఫలితం.

సాయంత్రం ప్రామ్స్ కచేరీకి వెళ్లాను. అంతకుముందు అవి జరిగే క్వీన్స్ హాల్ 1941లో బాంబుదాడిలో ధ్వంసమయ్యాక ఈ వేసవి కచేరీలు ఇక్కడికి వచ్చాయి. వేదిక ముందున్న అరీనాలో సీట్లు ఉండవు, వందలమంది నిలబడే వింటారు. వేదిక వెనుక 9,999 గొట్టాల్లోకి గాలి పంపి మోగించే ఆర్గన్ వాద్యం. దాని మంద్రస్వరం చెవికంటే ముందు ఛాతీకి తగిలింది. వయొలిన్ల సన్నని స్వరం కూడా ఎక్కడా చెదరలేదు. ఐదువేల మంది పట్టే హాల్లో ఇంత స్పష్టత వస్తుందని నేననుకోలేదు. వెళ్లేవారు కాళ్లు నొప్పిపుట్టినా సరే, అరీనా టికెట్టే తీసుకోవాలి.