ముందు కదిలేది తూకం కాదు

పదహారేళ్లకి నా మెడ వెనక నల్లగా, దళసరిగా పట్టీ కట్టింది. సున్నిపిండితో ఎంత రుద్దినా పోదది. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువైతే చర్మ కణాలు అతిగా పెరిగి అలా అవుతుంది. షుగర్ మామూలే, పరగడుపు ఇన్సులిన్ మాత్రం జాస్తి. స్కానింగులో కాలేయానికి కొవ్వు. తిరుపతి డాక్టరు మాత్రలు రాయలేదు, చెమట పట్టే నడక రాశారు.

పొట్ట లోపలి కొవ్వు ఊరకే ఉండదు. దాన్నుంచి వెలువడే కొవ్వు ఆమ్లాలు, వాపు రసాయనాలు నేరుగా కాలేయానికి చేరి ఇన్సులిన్ మాట చెల్లకుండా చేస్తాయి. ఈడొచ్చే వయసులో హార్మోన్ల వల్ల అసలే ఇన్సులిన్ పని మందగిస్తుంది. నడిచేటప్పుడు మాత్రం కండరం ఇన్సులిన్ కోసం ఆగదు. గ్లూట్-4 అనే ప్రోటీన్ కణం అంచుకొచ్చి చక్కెరను లోపలికి లాగుతుంది. ఆ ఊపు ఒకటి రెండు రోజులే. ఆదివారం గంటల తరబడి నడిచి వారమంతా కూర్చుంటే ఆ ఊపు నిలవనిది అందుకే.

యూనివర్సిటీ గ్రౌండులో, ఎండాకాలమైతే పొద్దున ఏడులోపే: 10 నిమిషాలు మెల్లగా, 40 వడిగా, 10 మళ్లీ మెల్లగా. వడిగా నడిచేటప్పుడు పదహారేళ్లకి నాడి నిమిషానికి సుమారు 122–153 ఉండాలి, అంటే 15 సెకన్లకు 31–38. లెక్క కుదరకపోతే, గోవిందా అనగలగాలి, అన్నమయ్య కీర్తన పాడలేకపోవాలి.

మొదట్లోనే అలిపిరి మెట్లెక్కించొద్దు. గాలిగోపురం దాకా ఎక్కుడే. నాడి హద్దు దాటి, నడక కన్నా ఆయాసంతో నిలబడేదే ఎక్కువవుతుంది. దిగేటప్పుడు మోకాళ్లకి దెబ్బ. లావుగా ఉన్న పిల్లలు కుంటుతూ మోకాలు నొప్పంటే నడక ఆపి తుంటికి కూడా ఎక్స్‌రే తీయించాలి. తొడ ఎముక తల జారే జబ్బు ఈ వయసులోనే వస్తుంది.

మొదటి నెలల్లో నా తూకం కదల్లేదు, ప్యాంటు వదులైంది. బరువు తగ్గకున్నా పొట్టలో, కాలేయంలో కొవ్వు కరుగుతుంది. అందుకే టేపు నమ్మాలి: ఊపిరి వదిలి, చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్య కొలిస్తే ఎత్తులో సగం దాటకూడదు. 80 కిలోల మనిషి 45 నిమిషాల వడి నడకకు ఖర్చయ్యేది సుమారు 260 క్యాలరీలు. వచ్చే దారిలో మసాలా దోసె తింటే అక్కడికక్కడే చెల్లు.

రక్తపరీక్ష ముందురోజు మాత్రం కొండెక్కొద్దు. అలవాటు లేని శ్రమకి లివర్ పరీక్షలో చూసే ఎంజైములు కండరాల నుంచి కూడా కారి, లివర్ రిపోర్టు ఉన్నదానికన్నా చెడ్డగా కనిపిస్తుంది.