బరువు ఒకటే, బలం వేరు

మా బ్యాచ్‌లో పౌడర్ మెటలర్జీ (లోహపు పొడిని నొక్కి, వేడిచేసి వస్తువులు చేసే విద్య) ఇష్టపడని వాళ్లకు కూడా సార్ తెచ్చిన ఆ టంగ్‌స్టన్ హెవీ అల్లాయ్ ముక్క గుర్తుండే ఉంటుంది. అగ్గిపెట్టె అంతే ఉన్నా నాలుగు వందల గ్రాములు తూగేది. సీసం కూడా దాని ముందు తేలికే.

టంగ్‌స్టన్ కరగాలంటే 3422 డిగ్రీల సెంటిగ్రేడ్ వేడి కావాలి. కరిగించి పోత పోయడం అయ్యే పని కాదు కాబట్టి పొడితోనే మొదలుపెడతారు. నూటికి 90 పాళ్లకు పైగా టంగ్‌స్టన్, మిగిలినది నికెల్, ఇనుము. అచ్చులో నొక్కి, హైడ్రోజన్ ఫర్నేసులో దాదాపు 1480 డిగ్రీల దగ్గర ఉంచుతారు. నికెల్, ఇనుము కరిగి టంగ్‌స్టన్ రేణువుల సందుల్లోకి పాకుతాయి, వాటిని దగ్గరికి లాగుతాయి. చిన్న రేణువులు ఆ ద్రవంలో కరిగి పెద్దవాటి మీద పేరుకుంటాయి. ముక్క కుంచించుకుపోయి రంధ్రాలు మూసుకుపోతాయి. ఇలా ఎందుకు జరుగుతుందో 1938లో ఇంగ్లండ్‌లో ప్రైస్, స్మిథెల్స్, విలియమ్స్ వివరించారు. వాళ్లు చూసింది నికెల్, రాగి కలిపిన రకం.

ఇదంతా పుస్తకాల్లో ఉంది. సార్ మాకు నిజంగా నేర్పింది వేరే. ఒకరోజు ఒకే పొడితో చేసిన రెండు కడ్డీలు తెచ్చారు. నీళ్లలో తూచి చూశాం, రెండింటి డెన్సిటీ ఒకటే. రెండు కొసలూ పట్టి లాగే టెన్సైల్ మెషీన్‌లో పెడితే ఒకటి సాగకుండానే పుటుక్కున విరిగింది. రెండోది 20 శాతానికి పైగా సాగింది. క్లాసంతా నోరెళ్లబెట్టాం.

మొదటిదాన్ని ఫర్నేసులోనే నెమ్మదిగా చల్లార్చారట. దాని లోపల హైడ్రోజన్ మిగిలిపోయింది. పైగా పొడిలోని కాస్త భాస్వరం, గంధకం రేణువుల సరిహద్దుల్లోకి చేరి పట్టు సడలించాయి. రెండోదాన్ని వాక్యూమ్‌లో మళ్లీ 1100 డిగ్రీలకు వేడిచేసి నీళ్లలో ముంచారు. హైడ్రోజన్ బయటికి పోయింది, మలినాలకు పోగుపడే వ్యవధి దొరకలేదు. మైక్రోస్కోప్‌లో రెండూ ఒకేలా కనిపించడం నన్ను ఇంకా ఆశ్చర్యపరిచింది. తేడా బయటపడింది విరిగిన చోటే.

రేడియేషన్ కవచాలకైతే బరువుంటే చాలావరకు సరిపోతుంది. ట్యాంకు కవచాన్ని ఛేదించే కడ్డీకి అది చాలదు. గట్టిదనంతో పాటు సాగే గుణం కూడా ఉండాలి. హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధన సంస్థ డీఎంఆర్‌ఎల్‌లో ఈ అల్లాయ్‌ల మీద జరిగిన పని గురించి సార్ గర్వంగా చెప్పేవారు. ఆ మాటలు వినే నేను ఈ రంగంలోకి వచ్చాను. నా టేబుల్ మీదికి డెన్సిటీ అంకెతో రిపోర్టు వస్తే, ఎలా చల్లార్చారని ముందు అడుగుతాను, తర్వాత విరిగిన ముక్క తెప్పించుకుంటాను.