17 రావాలె

వడ్ల తేమ చూసే మీటర్ల 19 పడ్డది. తేమ 17 శాతం దాటితే కొనుగోలు సెంటర్ల వడ్లు కాంటా పెట్టరు. బాపు ఏమనలే. రుమాలు దులిపి భుజానేసుకొని, కాళ్ళతోని వడ్లు తిరగేసుడు మళ్ళ మొదలుపెట్టిండు.

మూడింటికి మబ్బు పట్టింది. నేను, అమ్మ పరదా గుంజేలోపే పక్క కుప్ప పెద్దమ్మ తన వడ్లు వదిలేసి ఉరికొచ్చి కొస పట్టింది. ఆ తర్వాత అందరం కలిసి ఆమె కుప్ప కప్పినం. అంచుల మీద రాళ్ళు పెడుతుంటేనే చినుకులు షురూ.

యాసంగి పంటంతా ఆ పరదా కిందనే ఉంది. పట్నంల ఆఫీసు కిటికీలకెళ్ళి వాన చూసి ఎన్నిసార్లు సంబురపడ్డనో! ఇయ్యాల పరదా మీద చినుకుల చప్పుడుకు గుండె దడదడ కొట్టుకుంది.

బాపు ఇంటికి రాలే. కుప్ప కాడనే పండుకుంటడంట. అన్నం గిన్నె పట్టుకొని పోతున్న.