కొటేషన్లు మూడు, చెయ్యి ఒకటే

ప్రభుత్వ కొనుగోళ్లలో అవినీతి అంటే లంచమే గుర్తొస్తుంది. నిజానికి చాలాసార్లు అది స్పెసిఫికేషన్, అంటే కొనే వస్తువు ఎలా ఉండాలో చెప్పే వివరాలు, రాసేటప్పుడే మొదలవుతుంది. ఒక్క కంపెనీకే సరిపోయే కొలత పెట్టేశాక టెండరు ఉత్త తంతే.

ఫైలు చేతికొస్తే కొటేషన్లు పక్కపక్కన పెట్టి చూడండి. మూడింట్లోనూ ఒకే అక్షరదోషం కనబడితే అనుమానించాల్సిందే. టెండరు పిలవాల్సిన ధర పరిమితి దాటకుండా ఒకే కొనుగోలును ముక్కలు చేశారేమో కూడా చూడాలి.

బిడ్ వేసినవాళ్లలో మనవాళ్లుంటే, కవర్లు తెరవకముందే రాతపూర్వకంగా చెప్పి కొనుగోలు కమిటీ నుంచి తప్పుకోవాలి. తెరిచాక చెబితే ఏం లాభం, అప్పటికే ధరలు తెలిసిపోయాయిగా!

పైఅధికారి నోటిమాటగా 'కానిచ్చెయ్యి' అంటే, ఆ మాటనే తేదీతో సహా నోట్‌లో రాసి సంతకానికి పెట్టండి. ఫైల్లో పేజీ నంబర్లు వేయకపోతే మాత్రం ఆ నోటే మాయమవుతుంది.